సవరణ: ప్రైమరీ ఓటుకు పార్టీ నమోదు అన్ని రాష్ట్రాల్లో అక్కర్లేదు

2028 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఎవరు దిగుతారన్న ఊహాగానాల మీద రాసిన పోస్టులో, ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓటు వేయాలంటే ముందే ఆ పార్టీ ఓటరుగా నమోదై ఉండాలని చెప్పాను. అది తప్పు, న్యూయార్క్ నిబంధనను దేశమంతటికీ అంటగట్టేశాను.

రాష్ట్రాల ఎన్నికల కార్యాలయాలు ఇచ్చే సమాచారం ప్రకారం పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉంది. న్యూయార్క్, ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో నేను రాసినట్టే. టెక్సాస్‌లో మాత్రం ఓటరు నమోదులో పార్టీ ఊసే ఉండదు. డాలస్‌లో ఓటున్న మనవాళ్లు పోలింగ్ కేంద్రంలోనే ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పి తీసుకోవచ్చు. రెండింట్లో ఒక్కటే ఇస్తారు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాక రనాఫ్ (రెండో విడత ఓటింగ్) వస్తే అవతలి పార్టీ వైపు దూకడానికి వీల్లేదు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్లు అక్కడికక్కడే ఒకదాన్ని ఎంచుకోవచ్చు, కాకపోతే ఇక ఆ పార్టీ ఓటరు కిందే లెక్క. కాలిఫోర్నియాది ఇంకో తిరకాసు: 2024లో పార్టీ లేని ఓటర్లు అడిగితే డెమోక్రాట్లు తమ అధ్యక్ష బ్యాలెట్ ఇచ్చారు, రిపబ్లికన్లు ఇవ్వలేదు.

"ప్రైమరీ పార్టీల ఇంటి వ్యవహారం" అన్న నా మాట చదివి, గ్రీన్‌కార్డుతో ఓటు వేయొచ్చా అని కొందరు అడిగారు. వేయకూడదు. ప్రైమరీకైనా పౌరసత్వం ఉండాల్సిందే. సరదాకి నమోదు చేసుకున్నా రేపు పౌరసత్వ దరఖాస్తుకే ఎసరు రావచ్చు.

పాత పోస్టులో ఆ పేరా మార్చాను. అభ్యర్థుల గురించి రాసిన భాగంలో మార్పు లేదు.