వేరుశనగ పుచ్చు గోనె సంచితోనే మొదలవుతుందా?

రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది: "వేరుశనగ పుచ్చు పాత గోనె సంచుల నుంచే వస్తుంది. కొత్త సంచుల్లో పోసి నాలుగు వేపరెమ్మలు వేస్తే చాలు. చింతపండు పురుగు వేరు, దీనికి సంబంధం లేదు." దీన్ని నమ్మితే విత్తనం పోతుంది.

ముందు చింత సంగతి. చింతగింజనూ వేరుశనగ కాయనూ తొలిచేది ఒకే జాతి పెంకు పురుగు, కారియెడాన్ సెర్రాటస్. రేల, కాంచనం గింజల్లోనూ పెరుగుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరుశనగ దీనికి తర్వాత దొరికిన తిండే. రబీ కాయ పీకే మార్చి, ఏప్రిల్‌లోనే చెట్టు మీద చింతకాయ పండుతుంది. ఆ చెట్టు పక్కన ఆరబోస్తే, సంచికెక్కకముందే గుడ్లు పడే వీలుంది.

అప్పుడు కొత్త సంచి ఏం చేస్తుంది? గుడ్డు కాయ పెంకుకే అంటుకుని ఉంటుంది. పిల్ల పురుగు నేరుగా లోపలికి తొలుస్తుంది, ఆ బెజ్జం కంటికి ఆనదు. మనకు కనిపించే గుండ్రటి రంధ్రం బాగా పెరిగిన పిల్ల పురుగు గూడు కట్టుకోవడానికి బయటికొచ్చేటప్పుడు చేసేది. వేసవి వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా సుమారు 6 వారాలు. రంధ్రాలు చూశాక మేల్కొంటే అప్పటికే ఆ గింజ పోయినట్టే.

పాత సంచి మీద నింద మాత్రం నిజమే. తెల్లటి కాగితం లాంటి గూళ్లు గోనె నేతలోనూ, అడుగు బస్తాల మధ్యా ఉంటాయి. పై వరస చూసి బాగుందనుకోకండి, అడుగు బస్తా లేపి చూడండి.

వేపాకు కాయలోపలి పురుగును చంపలేదు.

ఎక్కడ సోకుతోందో తేల్చుకోవచ్చు. మంచి కాయలను వారం డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. లేకపోతే పాత పురుగేదో కొత్తదేదో తెలియదు. అరకిలో చొప్పున సెంటీమీటరు కన్నుల వలసంచుల్లో పోసి చింత కింద, కళ్లంలో, గోదాం గుమ్మంలో, లోపల తీగకు వేలాడదీయండి. సన్న కన్నుల వలైతే పురుగు దూరలేదు. వాన తగిలితే బూజు పడుతుంది. వారం తర్వాత భూతద్దంతో గుడ్లు లెక్కపెట్టి, కాయలను గుడ్డ కట్టిన సీసాల్లో 2 నెలలు ఉంచి, ఏ చోటి కాయల్లోంచి పురుగులు వస్తాయో చూడండి.

"అయితే చింతలు కొట్టేద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. రేలా కాంచనం ఉండనే ఉన్నాయి, ఎన్ని కొడతారు? కళ్లం దూరంగా పెట్టండి, రాలిన కాయలు ఏరేయండి, రాత్రి కుప్ప కప్పండి. తేమ 8 శాతానికి దిగాక గాలి చొరని మూడు పొరల సంచిలో నింపి, ఒక్కో పొరను విడిగా మెలిపెట్టి బిగించండి. లోపలి పొరకు చిన్న చిల్లు పడినా పురుగుకు ఊపిరాడుతుంది.