ఏ కాలు సార్?

అమీర్‌పేటలో కోర్సు చేసి, పదేళ్ళుగా మెడికల్ కోడింగ్‌లో ఉన్నాను. అంటే, అమెరికాలో ఎవరైనా పడితే, అక్కడి డాక్టరు రాసిన చార్టు చూసి, హైదరాబాద్‌లో కూర్చుని ఆ పడటానికి బీమా లెక్కల కోసం ఓ కోడు వేస్తాను. మంచు మీద జారితే డబ్ల్యూ00. మంచం మీంచి దొర్లితే డబ్ల్యూ06. మెట్ల మీంచి అయితే డబ్ల్యూ10. ఆవు కుమ్మినా కోడు ఉంది. అది అమెరికాలో ఎవరికి పనికొస్తుందో గానీ, మా కూకట్‌పల్లి సందుల్లో మాత్రం బాగా చెలామణీ అవుతుంది.

నాకు పడని మాట 'అన్‌స్పెసిఫైడ్'. కొందరు డాక్టర్లు చార్టులో "పడ్డాడు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఎలా పడ్డాడు, ఎక్కడ, ఏం చేస్తూ, ఏ కాలు? ఏదీ ఉండదు. గతిలేక 'అన్‌స్పెసిఫైడ్' కోడు డబ్ల్యూ19 వేస్తాం, ఆడిటర్‌తో చీవాట్లు తింటాం. "మనిషికి రెండు కాళ్ళుంటాయని వీళ్ళకి తెలీదా!" అని రోజూ తిట్టుకునేవాణ్ణి.

మొన్న ఆదివారం నేనే పడ్డాను.

"ఎక్కడ పడ్డారు?" అన్నారు ఆస్పత్రిలో డాక్టరుగారు.

"బాత్రూంలో సార్."

"బాత్రూం ఏమిటండీ, వంటింట్లో కదా!" అంది మా ఆవిడ.

అపార్ట్‌మెంట్ బాత్రూం అయితే వై92.031, వంటిల్లు అయితే వై92.030. చివర ఒక్క అంకె తేడా. ఆ అంకెలోనే నా పరువంతా ఉంది. ఆరోజు మా ఆవిడ గచ్చు తుడిచి, "ఆరేదాకా అడుగు పెట్టకండి" అని చెప్పి, బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కింది. ఫ్రిజ్ మీద ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఉంది. నాకు షుగర్ ఉంది. మునివేళ్ళ మీద వెళ్ళాను, డబ్బా అందింది, గచ్చు మాత్రం అందకుండా పోయింది. నేను కింద, పూతరేకులు నా కింద.

డాక్టరుగారు నవ్వు ఆపుకుంటూ చీటీ రాసిచ్చారు. 'జారి పడ్డారు. చీలమండ బెణికింది.' అంతే!

"ఏ కాలు సార్?" అన్నాను.

"ఇదేగా, బూరెలా వాచింది?"

"అది మీకు కనిపిస్తుంది సార్, కోడర్‌కి కనిపించదు. ఎడమ అని రాస్తే ఎస్93.402, రాయకపోతే 409."

ఆయన నా కాలు వదిలేసి నా తలకేసి చూశారు. "తలకేమైనా తగిలిందా అమ్మా?" అని మా ఆవిడని అడిగారు.

"లేదండీ, ఆయన ముందునుంచీ అంతే."

చివరికి 'ఎడమ' అని రాశారు. దానితోపాటు 'వంటింట్లో' అనీ రాశారు. అది నేను అడగలేదు.

ఎక్కడ పడ్డాడు, ఏం చేస్తూ పడ్డాడు అనే కోడ్‌లు మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒక్కసారే వేయాలి, తర్వాత వచ్చినప్పుడల్లా వేయకూడదు. ఆ రూలు మా ఆవిడకి విడమరచి చెప్పాను. శ్రద్ధగా విన్నది. ఈలోగా కాలింగ్ బెల్ మోగింది. పై ఫ్లాటు పిన్నిగారు పరామర్శకొచ్చారు.

"ఎలా పడ్డాడమ్మా?"

"కూర్చోండి పిన్నీ, మొదట్నుంచీ చెప్తాను" అంది మా ఆవిడ. పొద్దుట్నుంచీ అది నాలుగోసారి.