టికెట్ కొన్నంత మాత్రాన తాజ్‌మహల్ గోడ మీది అయిపోదు

ఇప్పుడే ఆగ్రాలో రైలెక్కాను, కోపం ఇంకా దిగలేదు. తాజ్‌మహల్ దగ్గర నీడపట్టున ఒకాయన, మన తెలుగాయనే, నూనె రాసి దువ్విన తలను పాలరాతి గోడకి ఆనించి తీరిగ్గా ఫోన్ చూసుకుంటున్నాడు. తల కదిపినప్పుడు చూశాను, అరచేయంత జిడ్డు మచ్చ, దాంట్లో రెండు వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. "అన్నా, కాస్త జరగండి, గోడకి మరక అవుతోంది" అన్నాను. "టికెట్ కొనుక్కునే వచ్చాం తమ్ముడూ, మరకైతే వాళ్లే తుడుచుకుంటారు" అన్నాడు.

దేనితో తుడుస్తారండీ? అది బాత్రూం టైలా, యాసిడ్ పోసి రుద్దడానికి? పాలరాయి అంటే భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారిన సున్నపురాయి. యాసిడ్ తగిలితే రాయే కరిగిపోతుంది, నూనె తగిలితే లోపలికి పీల్చుకుంటుంది. అందుకే పురావస్తు శాఖ వాళ్లు 1994 నుంచి విడతలు విడతలుగా ముల్తానీ మట్టి పూత వేస్తున్నారు, మన ఇళ్లలో ఆడవాళ్లు ముఖానికి రాసుకునే ఆ మట్టే. గోడకి పల్చగా మెత్తి, పాలిథిన్ కప్పి, అది ఆరి మురికినీ జిడ్డునీ లాక్కునేదాకా ఆగి, మెత్తటి బ్రష్‌తో, డిస్టిల్డ్ వాటర్‌తో కడుగుతారు. జానెడు జానెడు చొప్పున ఎంత ఓపిగ్గా చేయాలో ఆలోచించండి. ఈయన తల ఆనించడానికి ఒక్క క్షణం చాలు.

పోనీ మట్టి పూసేసి చేతులు దులుపుకుంటే సరిపోతుందా అంటే, అదీ లేదు. చెత్త తగలబెట్టిన పొగ, దుమ్ము మళ్లీ వచ్చి పడుతూనే ఉంటాయి. వెనక యమునలో నీళ్లు కదలక మురిగిపోయి, అందులో పుట్టిన పురుగులు నది వైపు గోడ మీద వాలి ఆకుపచ్చ మరకలు చేస్తాయి. కడుగుతారు, మళ్లీ వస్తాయి. నదిని వదిలేసి గోడ కడిగితే ఏం లాభం? 2018లో సుప్రీంకోర్టే విసిగిపోయి, బాగుచేయండి, లేదంటే మూసేయండి, కూల్చేయండి అనేంత దూరం వెళ్లింది.

అసలు నాకు ఇంత మంట ఎందుకంటే, డబ్బు పెట్టాం కాబట్టి మా ఇష్టం అనే ఆ మాట నేను ముందే విన్నాను. మా ఊరి గుడిలో నల్లరాతి స్తంభం మీద ఒక నర్తకి ఉండేది, కాలికి పదకొండు గజ్జెలు, చిన్నప్పుడు ప్రదక్షిణ చేసినప్పుడల్లా లెక్కపెట్టేవాణ్ణి. ఎవరో దాత పుణ్యమా అని స్తంభాలన్నిటికీ ఎనామిల్ పెయింట్ వేశారు. తర్వాత అది పెచ్చులూడి బాగాలేదని మిషన్ తెప్పించి ఇసుకతో కొట్టించారు. పెయింట్ పోయింది, దాంతోపాటే ముక్కు పోయింది, వేళ్లు పోయాయి, గజ్జెల చోట ఇప్పుడు నున్నటి గీత ఒకటి మిగిలింది. అది చూసి కడుపు తరుక్కుపోయి కమిటీ పెద్దాయన్ని అడిగితే, "మన డబ్బులు పెట్టి చేయించాం, మధ్యలో నీకేంటి నొప్పి?" అన్నాడు.

ఆ రోజు ఊరి పెద్దకి ఎదురు చెప్పలేక తల దించుకుని వచ్చేశాను. ఇవాళ మాత్రం తాజ్‌మహల్ దగ్గర ఆయన గోడకి ఆనించిన తల ఎత్తి పక్కకి జరిగేదాకా అక్కడి నుంచి కదల్లేదు.