జిమ్మీ లిటిల్ మెతకవాడట!

ఆస్ట్రేలియా పాత పాటల మాట వచ్చినప్పుడల్లా అబోరిజినల్, అంటే అక్కడి మూలవాసి, గాయకుడు జిమ్మీ లిటిల్ గురించి ఒకే తీర్పు వినిపిస్తుంది. గొంతు తేనె, మనిషి మాత్రం మరీ మెతక, తనవాళ్ల కోసం ఎప్పుడూ గట్టిగా నోరు తెరవలేదు అని. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఆయన 1937లో పుట్టింది ముర్రే నది ఒడ్డున, కమ్మెరగంజ మిషన్‌లో. తల్లిది యోర్తా యోర్తా తెగ, తండ్రిది యుయిన్ తెగ. మిషన్ అంటే అబోరిజినల్ కుటుంబాలు మేనేజర్ చెప్పుచేతల్లో బతకాల్సిన చోటు. 1939 ఫిబ్రవరిలో ఆ పెత్తనం భరించలేక జనం మూటాముల్లె సర్దుకుని నది దాటి వెళ్లిపోయారు. వాళ్లలో రెండేళ్ల జిమ్మీని వెంటబెట్టుకున్న లిటిల్ కుటుంబం కూడా ఉంది. మెతకతనం ఆ ఇంట్లో నేర్చుకునే విద్య కాదు మరి.

1955లో సిడ్నీ చేరేసరికి రాకెన్‌రోల్ మోజు మొదలవుతోంది. కొన్నాళ్లకే జానీ ఓకీఫ్ లాంటి రాక్ గాయకులు స్టేజీ అదరగొట్టేస్తుంటే, ఈయన సూటు వేసుకుని నింపాదిగా నిలబడి పాడేవాడు. 1963లో 'రాయల్ టెలిఫోన్' అనే భక్తి పాట సిడ్నీలో నంబర్ వన్ అయింది. మరుసటి ఏడాది ఒక పత్రిక ఆయన్ని ఆ ఏటి పాప్ స్టార్ అంది. అప్పటికి ఆస్ట్రేలియా రాజ్యాంగంలో 127వ సెక్షన్ ఇంకా బతికే ఉంది. దాని ప్రకారం దేశ జనాభా లెక్కల్లో అబోరిజినల్ మనుషుల్ని కలపకూడదు! ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి తొంభై మంది అవునంటే అది పోయింది, అదీ 1967లో. రేడియోలో మారుమోగే గొంతు ఆయనది, జనాభా లెక్కలో మాత్రం ఆయన లేడు. పైగా సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో అబోరిజినల్ పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లే అధికారం ఉన్న బోర్డు 1969 దాకా నడిచింది. ఇంట్లో చిన్న కూతురున్న తండ్రి ఆచితూచి మాట్లాడాడని ఇప్పుడు సోఫాలో కూర్చుని తప్పు పడతామా?

సినిమా సంగతి ఇంకో బాధ. 1960లో అమెరికా క్రైస్తవ బోధకుడు బిల్లీ గ్రాహమ్ సంస్థ తీసిన 'షాడో ఆఫ్ ది బూమరాంగ్'లో నటించాడు. ఒక తెల్లవాడి మనసు మారడానికి పనికొచ్చే మంచి అబోరిజినల్ పాత్ర, అంతే. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ట్రేసీ మోఫాట్ తన పొట్టి సినిమా 'నైట్ క్రైస్'లో ఆయన్ని ఆయనలాగే నిలబెట్టింది. తెల్ల పెంపుడు తల్లికి చివరి రోజుల్లో సేవ చేస్తూ నలిగిపోయే అబోరిజినల్ కూతురి కథ అది. దాని పక్కన అందులో ఆయన పాడే అదే 'రాయల్ టెలిఫోన్' వింటే ఆ తియ్యదనమే గుచ్చుకుంటుంది. మెతక పాటలో ఏముందో కనిపెట్టడానికి ఒక అబోరిజినల్ దర్శకురాలు కావలసి వచ్చింది!

కోపంగా పాడినవాళ్లూ ఉన్నారు, కాదనను. అబోరిజినల్ గాయకుడు విక్ సిమ్స్ పదకొండేళ్లకే కోల్ జాయ్ రాక్ బృందంతో స్టేజీ ఎక్కాడు. తర్వాత బాథర్స్ట్ జైల్లో 'ది లోనర్' రికార్డు చేశాడు. అద్భుతమైన ఆల్బమ్. కానీ సిమ్స్‌ను పొగడటానికి లిటిల్‌ను తిట్టాలా? మూలవాసి గాయకుడు కోపంగా ఉంటేనే అసలు సరుకని మార్కులు వేసే హక్కు మనకెవరిచ్చారు? తెల్ల గాయకుడు ప్రేమ పాట పాడితే ఈ ప్రశ్న ఎవరూ వేయరు కదా.

సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో మన తెలుగు సభలు కూడా ఇప్పుడు చాలాచోట్ల ఆ నేల మూలవాసులకు వందనం చెప్పి మొదలవుతున్నాయి. మంచిదే. వాళ్ల గాయకుడి పేరు ఒక్కటి చెప్పమంటే మాత్రం దిక్కులు చూస్తాం.

అన్నట్టు, అరవై దాటాక ఆయన చేసిన పని చాలామందికి తెలియదు. 1999లో 'మెసెంజర్' అనే ఆల్బమ్‌లో ది చర్చ్, ది గో-బిట్వీన్స్ లాంటి రాక్ బ్యాండ్ల పాటల్ని తన పద్ధతిలో మళ్లీ పాడాడు. ఆ ఏడే ఆస్ట్రేలియా రికార్డింగ్ పరిశ్రమ సంస్థ ఆరియా వాళ్లు తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. అంతకాలం ఏం చేశారో మరి! 2004లో కిడ్నీ మార్పిడి అయ్యాక ఊరికే కూర్చోలేదు. మారుమూల అబోరిజినల్ ఊళ్లలో కిడ్నీ జబ్బుల మీద పనిచేయడానికి 2006లో ఫౌండేషన్ పెట్టాడు. 2012లో పోయాడు.

కామెంట్లలో మెతక అనబోయేవాళ్లు ముందు 'మెసెంజర్'లో 'క్యాటిల్ అండ్ కేన్' పాట విని రండి. తర్వాత తీరిగ్గా వాదించుకుందాం.