ముందు ల్యాబ్, తర్వాతే ట్యాంకులు

చేపల ఉత్పత్తిలో భారత్‌ది ప్రపంచంలో రెండో స్థానం. అక్వేరియంలో పెంచుకునే రంగు చేపల ఎగుమతిలో మాత్రం మన వాటా ఒక శాతానికి లోపే. పెట్టుబడి లేకపోవడం, సబ్సిడీ చాలకపోవడమే దీనికి కారణాలని తరచూ చెబుతుంటారు. ఆ వాదనతో మేము ఏకీభవించడం లేదు. ఒక్క నగరమంత దేశమైన సింగపూర్ దశాబ్దాలుగా ఈ వ్యాపారంలో ముందువరుసలో నిలిచింది. పక్కనున్న శ్రీలంక కూడా మనకంటే ఎక్కువే ఎగుమతి చేస్తోంది. ఆ దేశాల మంచినీటి సరుకులో ఫారాల్లో పుట్టి పెరిగిన చేపలదే పెద్ద వాటా. మన దగ్గర కోల్‌కతా మీదుగా వెళ్లే సరుకులో అధికభాగం ఈశాన్య రాష్ట్రాల నదుల్లో, బీల్ అనే చిత్తడి సరస్సుల్లో వల వేసి పట్టిందే. పడమటి కనుమల వాగుల్లో ఉండే ‘మిస్ కేరళ’ చేపను ఇలాగే పట్టి పట్టి అంతరించే ముప్పున్న జాతుల జాబితాకు చేర్చాం. పట్టుకొచ్చిన చేపకు వంశం తెలియదు, రోగ చరిత్ర తెలియదు, వచ్చే నెల అదే సైజు, అదే రంగు ఇవ్వగలమన్న భరోసా ఉండదు. కొనుగోలుదారు అడిగేది ఈ మూడింటినే.

ఈ మూడింటినీ చూపించగల తీరం మనకుంది. విజయనగరం జిల్లా పూసపాటిరేగ నుంచి భీమిలి మీదుగా నక్కపల్లి, పాయకరావుపేట దాకా ఉన్న రొయ్య హేచరీల్లో, అంటే రొయ్య పిల్లలను పుట్టించి అమ్మే కేంద్రాల్లో, వడగట్టి శుద్ధిచేసిన సముద్రపు నీరుంది. బ్లోవర్లు, ఆల్గే గదులు, లార్వాకు మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న జీవులను పొదిగించే డ్రమ్ములు ఉన్నాయి. అర్ధరాత్రి లేచి లార్వాను చూసుకునే అలవాటున్న టెక్నీషియన్లు ఉన్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దేశంలో సముద్రపు పంజరాల సాగుకు 2007లో విశాఖ తీరంలోనే శ్రీకారం చుట్టింది. ఇండియన్ పాంపనో, గ్రూపర్ చేపల పిల్లల ఉత్పత్తి ఇక్కడి కేంద్రంలో సాధించింది. సముద్రపు రంగు చేపల్లో ఒకటైన క్లౌన్ చేపల పునరుత్పత్తి సాంకేతికత అదే సంస్థకు చెందిన మండపం, విళింజం కేంద్రాల దగ్గర సిద్ధంగా ఉంది. సముద్రపు రంగు చేపల సాగునూ పరిధిలోకి తెస్తూ 2023లో తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని సవరించారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఒకే జాతి రొయ్య మీద, ప్రధానంగా ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ తీరం చూసింది. ఖాళీగా ఉన్న కొన్ని హేచరీ షెడ్లను రంగు చేపలకు మళ్లించే ఆలోచనకు ఇంతకంటే సరైన సమయం లేదు.

అయితే రొయ్యకూ క్లౌన్ చేపకూ ఉన్న తేడా తెలిసి దిగాలి. క్లౌన్ చేపలు జత కుదరడానికే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడగా మారుతుంది, దాని తర్వాతది మగగా నిలుస్తుంది. అందుకే పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి వదలాలి. సమానమైనవి వేస్తే ఒకదాన్నొకటి పొడుచుకుని చస్తాయి. కుదిరిన జత కుండ పెంకు మీదో, టైల్ మీదో సుమారు రెండు వారాలకోసారి 300 నుంచి 1000 గుడ్లు పెడుతుంది. 28 డిగ్రీల దగ్గర ఏడెనిమిది రోజులకు, చీకటి పడిన గంటా రెండు గంటల్లో అవి పొదుగుతాయి. గుడ్లలో కళ్లు వెండిలా మెరిసే ఆ చివరి సాయంత్రమే టైల్‌ను లార్వా ట్యాంకులోకి మార్చి, గాలి బుడగలు గుడ్లను తాకేలా అమర్చి దీపాలు ఆర్పేయాలి. ముందే మారిస్తే మగ చేప రెక్కలతో నీటిని విసరకపోవడంతో గుడ్లకు బూజు పడుతుంది. ఆలస్యమైతే తల్లి ట్యాంకులోనే పొదిగి, పిల్లలు ఫిల్టర్ పాలవుతాయి.

మొదటి వారమంతా ఆల్గే కలిసిన పచ్చనీటిలో, పిల్లలకు మేతగా రోటిఫర్లనే సూక్ష్మజీవులు మిల్లీలీటరుకు ఎనిమిది, పదికి తగ్గకుండా ఉంచాలి. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు మూకుమ్మడిగా పోతే అందరూ నీటినే అనుమానిస్తారు. చాలాసార్లు లోపం రోటిఫర్‌లో ఉంటుంది. ఈస్ట్ మీద పెరిగిన రోటిఫర్‌లో పిల్లకు కావలసిన ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు తక్కువ. పొట్ట నిండినట్టే కనిపిస్తుంది, పిల్ల మాత్రం నిలవదు. వాడే ముందు కొన్ని గంటలపాటు రోటిఫర్లను నానోక్లోరాప్సిస్ ఆల్గేలో ఉంచితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. రెండో గండం పది, పన్నెండు రోజుల దగ్గర, ఒంటి మీద చారలు తేలే దశలో వస్తుంది. అప్పటికి ఆర్టీమియా అలవాటై ఉండాలి. పొదిగించిన డ్రమ్ములో గాలి ఆపి పది నిమిషాలు వదిలితే పెంకులు పైకి తేలి ఆర్టీమియా పిల్లలు అడుగుకు చేరతాయి. అడుగు నుంచే తీయాలి. తొందరపడి పెంకులతో సహా వేస్తే పేగుల్లో అడ్డుపడతాయి. మన హేచరీ పనివాళ్లకు ఇదంతా తెలిసిన విద్యే. వాళ్లకు అలవాటు లేనిది ఎదురుచూపు. రొయ్య పిల్ల నెలలోపే అమ్ముడవుతుంది. క్లౌన్ చేప అమ్మకపు సైజుకు రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది. అన్ని నెలల మేతకు, కరెంటుకు చేతిలో డబ్బుండాలి. బ్యాంకు రుణాల కాలపరిమితి దీన్ని బట్టి నిర్ణయించాలి.

మంచినీటి చేపల్లో మన నీళ్లకు తగినవి ఎంచుకోవాలి. తీరంలో బోరు నీరు సాధారణంగా కఠినంగా, కాస్త క్షారంగా ఉంటుంది. గప్పీ, మోలీ, ప్లాటీ లాంటి పిల్లలు పెట్టే చేపలకు అది కలిసొస్తుంది. మెత్తటి ఆమ్ల నీరు కోరే టెట్రాలు, డిస్కస్‌ల కోసం ఆర్వో యంత్రాలు పెట్టుకోవడం తొలి ఏళ్లలో అనవసర భారం. గప్పీలో డబ్బంతా వంశశుద్ధిలోనే ఉంది. మూడు నాలుగు వారాలు దాటకుండా ఆడ, మగ పిల్లలను విడదీయాలి. ఒకసారి వేరే రకం మగతో కలిసిన ఆడ చేప ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది కాబట్టి ఒక్క పొరపాటుతో ఆ వంశం మొత్తం పాడవుతుంది. హార్మోన్లతో రంగు తేవడం, సూదితో రంగు ఎక్కించడం లాంటి పనులు చేసే ఫారాలకు రాయితీలు నిలిపివేయాలి. అలాంటి చేప కొన్ని వారాల్లో వెలిసిపోతుంది, దేశం పేరు కూడా దాంతోపాటే చెడుతుంది.

అసలు సమస్య రోగ పరీక్ష దగ్గర ఉంది. కొయ్ అనే రంగుల కార్ప్ చేపకు వచ్చే హెర్పిస్ వైరస్, కార్ప్‌లకు వచ్చే స్ప్రింగ్ వైరీమియా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న జబ్బులు. హెర్పిస్ వైరస్ సాధారణంగా 16 నుంచి 28 డిగ్రీల మధ్య నీటిలో చేపను చంపుతుంది, స్ప్రింగ్ వైరీమియా అంతకంటే చల్లటి నీటిలో. ఏడాదిలో ఎక్కువ నెలలు వెచ్చగా ఉండే మన నీటిలో వైరస్ మోస్తున్న కొయ్ చేప ఆరోగ్యంగా ఈదుతూనే కనిపించవచ్చు. యూరప్‌లో చల్లటి తొట్టిలోకి దిగిన కొద్ది రోజులకే అది చచ్చి, పక్క చేపలనూ చంపుతుంది. కంటితో చూసి ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షే కావాలి. తెల్లమచ్చ వైరస్‌తో 1994–95లో రొయ్యల చెరువులు తుడిచిపెట్టుకుపోయిన రాష్ట్రానికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కరలేదు. 2009లో విదేశీ జాతి వనామీ రొయ్యను అనుమతించినప్పుడు రోగరహిత తల్లి రొయ్యలే రావాలని, చెన్నైలో క్వారంటైన్ దాటాకే హేచరీకి చేరాలని నియమం పెట్టారు. భీమిలి దారిలోని మంగమారిపేటలో తల్లి రొయ్యలను వృద్ధి చేసే కేంద్రం వచ్చింది. ఆ క్రమశిక్షణే వనామీ పరిశ్రమకు పునాది వేసింది. రంగు చేపలకు అదే వరుసలో పని జరగాలి.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ఈ వరుసను తలకిందులు చేస్తోంది. 2020లో మొదలైన ఈ పథకంలో పెరటి యూనిట్‌కు 3 లక్షలు, మధ్యతరహా యూనిట్‌కు 8 లక్షలు, మంచినీటి సమగ్ర యూనిట్‌కు 25 లక్షల రూపాయల వ్యయం నిర్ణయించారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, ఇతరులకు 40 శాతం రాయితీ. ట్యాంకులకు డబ్బు ఇలా వస్తుంది. తల్లిచేపలు ఎక్కడివి, వాటిని ఎవరు పరీక్షించారు, చేప పెరిగాక ఎవరు కొంటారు అన్న ప్రశ్నలు లబ్ధిదారు నెత్తినే పడుతున్నాయి. ఊరి బజారులో దొరికిన అడ్డదిడ్డమైన గప్పీలతో మొదలుపెట్టిన డ్వాక్రా మహిళ ఏడాది తిరిగేసరికి తొట్లు బోర్లిస్తే తప్పు ఆమెది కాదు. ఒక తల్లిచేపల బ్యాంకు, దానికి గంట ప్రయాణ దూరంలో పాతిక ముప్పై పెరటి యూనిట్లు, అందరికీ కలిపి ఒక ప్యాకింగ్ షెడ్డు. రాయితీని ఈ మూడింటికీ ఒకే ప్రాజెక్టుగా ఇవ్వాలి. ప్రతి షెడ్డుకూ జనరేటర్, ఆక్సిజన్ సిలిండర్ల ఖర్చు యూనిట్ వ్యయంలోనే చేర్చాలి. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ నగరం రోజుల తరబడి చీకట్లో గడిపింది. కిక్కిరిసిన తొట్టిలో గాలి ఆగితే చేపలు నిలిచేది కొద్ది గంటలే.

ప్యాకింగ్ దగ్గర జరిగే నష్టం గురించి మన శిక్షణ తరగతుల్లో చెప్పేది తక్కువ. పంపే ముందు 24 నుంచి 48 గంటలు చేపను పస్తుంచాలి. రెండు పొరల సంచిలో మూడో వంతు నీరు, మిగతా అంతా ఆక్సిజన్ నింపాలి. సంచి మూలలు మడిచి టేపు వేయకపోతే చిన్న చేపలు అక్కడ ఇరుక్కుని నలిగిపోతాయి. ప్రయాణంలో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోతుంది. అందువల్ల పేరుకున్న అమ్మోనియా అంతగా విషం కాదు. గమ్యంలో సంచి మూతి విప్పి వదిలేస్తే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా నిమిషాల్లో విషమవుతుంది. సంచి విప్పకుండానే తేలేసి ఉష్ణోగ్రత సమం చేసి, విప్పగానే పాత నీరు వడగట్టి చేపను కొత్త నీటిలోకి మార్చాలి. ఈ సూచన పెట్టె మీద కొనుగోలుదారు భాషలో అంటించడం కూడా ఎగుమతిదారు బాధ్యతే.

చట్టం గీసిన హద్దులు స్పష్టంగా ఉన్నాయి. సముద్రపు గుర్రాలు, గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, వాటి జోలికి ఎవరూ పోకూడదు. దెయ్యం చేపగా మన రైతులు పిలిచే సక్కర్ క్యాట్‌ఫిష్ ఒకప్పుడు అక్వేరియం చేపే. తూర్పు కనుమల జలాశయాల్లో అది విస్తరించిందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్లతో తేల్చారు. ఫారం నుంచి బయటికి పోయే ప్రతి చుక్కా సన్నటి మెష్ దాటి, క్లోరిన్ గుంటలో నిలిచాకే కాలువ చేరాలి. లైసెన్సు ఇచ్చే ముందు అధికారులు కాగితాల కంటే ఈ గుంటను తనిఖీ చేయాలి.

రాష్ట్ర ప్రభుత్వాన్ని, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థను మేము కోరేది రెండు పనులు. రొయ్యల కోసం నడుస్తున్న పీసీఆర్ ల్యాబుల్లో ఒకదాన్ని కొయ్, గోల్డ్‌ఫిష్ వైరస్‌ల పరీక్షకు విస్తరించి జాతీయ గుర్తింపు తేవాలి. పరీక్ష రుసుములో సగం తొలి మూడేళ్లు ప్రభుత్వమే భరించాలి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట వస్తున్న విమానాశ్రయంలో 22 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండే సజీవ సరుకు గదికి, క్వారంటైన్ అధికారి కార్యాలయానికి ఇప్పుడే చోటు కేటాయించాలి. ఆ గది లేనంతకాలం భీమిలి చేప రోడ్డు మీద చెన్నైకో, హైదరాబాద్‌కో వెళ్లి విమానం ఎక్కాలి. సంచిలో ఉన్న ఆక్సిజన్‌లో ఆ రోడ్డు గంటలన్నీ వృథా.