ఆ బంగారు గుమ్మటం ఉమర్ కట్టించింది కాదు

వాట్సాప్‌లో మళ్లీ జెరూసలేం బంగారు గుమ్మటం ఫొటో తిరుగుతోంది. కింద మూడు మాటలు: "ఇదే అల్ అఖ్సా మసీదు. జెరూసలేం గెలవగానే ఖలీఫా ఉమర్ కట్టించాడు. అప్పటి బంగారమే ఇప్పటికీ మెరుస్తోంది." మూడూ తప్పే.

ఫొటోలో ఉన్నది ఖుబ్బతుస్ సఖ్రా, అంటే బండ మీది గుమ్మటం. అల్ అఖ్సా మసీదు అదే ఆవరణలో దక్షిణపు కొసన ఉంది. దాని గుమ్మటానిది సీసపు బూడిద రంగు. మొత్తం ఆవరణనే అల్ అఖ్సా అనే ముస్లింలు చాలామంది ఉన్నారు, ఆ అర్థంలో అంటే నాకు పేచీ లేదు. కానీ ఈ ఒక్క కట్టడాన్నే చూపించి అనడం కుదరదు. జమాతు మక్కా వైపు తిరిగి వరుసలుగా నిలబడే హాలు కాదిది. ఎనిమిది పలకల గోడ, నడుమ పెద్ద బండ, దాని చుట్టూ రెండు నడవాలు. లోపల నమాజు చేస్తారు, నిజమే. చార్మినార్ పైఅంతస్తులోనూ మసీదు ఉంది, అంతమాత్రాన చార్మినార్ మసీదైపోదు కదా.

ఇక ఉమర్ సంగతి. నగరం ఆయన చేతికి వచ్చింది 638 ప్రాంతంలో. కొన్ని దశాబ్దాల తర్వాత వచ్చిన ఆర్కుల్ఫ్ అనే క్రైస్తవ యాత్రికుడు ఆ ఆవరణలో చూసింది శిథిలాల మీద పలకలు, దూలాలతో లేపిన మోటు ప్రార్థనాశాలను. ఈ గుమ్మటం ఎవరిదో లోపలి గోడలే చెబుతాయి. ఆర్చీల పైన సుమారు 240 మీటర్ల పొడవున మొజాయిక్ (చిన్న రంగు ముక్కలు పేర్చి చేసిన) శాసనం ఉంది. కట్టించినవాడిగా అందులో కనిపించేది అబ్బాసీ ఖలీఫా అల్ మామూన్ పేరు, సంవత్సరం మాత్రం హిజ్రీ 72, అంటే 691-92. మామూన్ గద్దెనెక్కిందే 813లో! అసలు కట్టించిన ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ పేరు తీసేసి మామూన్ పేరు ఇరికించారు, అక్షరాలు ఇరుకిరుకుగా పడ్డాయి. తేదీ మార్చడం మరిచారు. ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలిసి అరుదు.

బంగారానికి పెద్ద చర్చ అక్కర్లేదు. 1016లో గుమ్మటమే కూలిపోయింది, మళ్లీ కట్టారు. శతాబ్దాల పాటు దాని మీద ఉన్నది సీసపు రేకు. నేటి మెరుపు 1990ల్లో జోర్డాన్ రాజు హుస్సేన్ ఇచ్చిన డబ్బుతో పూసిన 80 కిలోల బంగారానిది. బయటి రంగు పలకలు కూడా 16వ శతాబ్దంలో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ మొదలుపెట్టిన సంప్రదాయమే. అబ్దుల్ మలిక్ నాటి పనితనం చూడాలంటే కెమెరా లోపలికి తీసుకెళ్లాలి: చెట్లు, తీగలు, కిరీటాలు, నగలు, ఎక్కడా ఒక్క మనిషి బొమ్మ లేని ఆ మొజాయిక్‌లు అక్కడున్నాయి.