ఖాళీ స్థలాలు చూపించని జాజ్ టూర్ శుద్ధ దండగ

హ్యూస్టన్‌లో ఉండే తెలుగువాళ్లకి న్యూ ఆర్లీన్స్ అంటే లాంగ్ వీకెండ్ ఊరు. ఐ-10 ఎక్కితే ఐదారు గంటల్లో దిగిపోతాం. తిరిగొచ్చాక వాట్సాప్ గ్రూపుల నిండా అవే ఫొటోలు. ఇనప చట్రాల బాల్కనీలు, పంచదార పొడిలో మునిగిన బెన్యేలు, బోర్బన్ స్ట్రీట్‌లో మెడలో పూసల దండలు. కింద క్యాప్షన్ మాత్రం "జాజ్ పుట్టిన ఊళ్లో". వాళ్లని ఏమీ అనను. వాళ్లకి ఊరు చూపించినవాళ్లని అంటాను. చాలా రోజుల నుంచి కడుపులో ఉన్నది కక్కేస్తున్నాను, కాస్త పొడుగవుతుంది. ఓపిక ఉంటేనే చదవండి.

మొన్నామధ్య ఇండియా నుంచి మా బావమరిది వచ్చాడు. వాడికి జాజ్ పిచ్చి, నాకు నడక పిచ్చి. ఆన్‌లైన్‌లో నక్షత్రాలు బాగా ఉన్నాయని ఒక గైడెడ్ వాకింగ్ టూర్ బుక్ చేశాను. కంపెనీ పేరు అనవసరం. రెండు గంటల నడకలో ఊళ్లోని పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్ దాటి ఒక్క అడుగు బయటపెట్టలేదు. మధ్యలో రెండు దయ్యాల కథలు, ఒక బార్ దగ్గర "కావాలంటే డ్రింక్ తీసుకోండి" అని పావుగంట విరామం, చివర్లో టిప్పులు. ఆ పేట సరిహద్దు ర్యాంపార్ట్ వీధి దాటి అవతలికి వెళ్దామా అని మావాడు అడిగితే గైడ్ చెప్పిన జవాబు: "అక్కడ చూడ్డానికి ఏమీ లేదు సర్."

ఆ మాట విన్నప్పటి నుంచే నాకు ఒళ్లు మంట.

ఫ్రెంచ్ క్వార్టర్‌లో జాజ్ లేదని కాదు. సెయింట్ పీటర్ వీధిలో 1961 నుంచి నడుస్తున్న ప్రిజర్వేషన్ హాల్ అక్కడే ఉంది. బల్లల మీద ఇరుక్కుని కూర్చోవాలి, లోపల బార్ లేదు, చప్పట్లు కొట్టడం తప్ప పనేమీ ఉండదు. అద్భుతం. ఎస్ప్లనేడ్ చివర పాత టంకశాలలో జాజ్ మ్యూజియం ఉంది, జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు వాయించిన కార్నెట్ (చిన్న బాకా) దాని సొత్తు. కానీ ఆ పిల్లాడు పుట్టింది ఇక్కడ కాదు, పెరిగింది ఇక్కడ కాదు. అతనికంటే ముందు కార్నెట్‌తో ఊరిని ఊపేసిన బడీ బోల్డెన్ ఇల్లు కూడా ఇక్కడ లేదు. అది సెంట్రల్ సిటీలో ఫస్ట్ స్ట్రీట్‌లో, టూరిస్టు బండ్లు సాధారణంగా తొంగిచూడని చోట ఉంది.

ఆ గైడ్ ఇంకో ముక్క కూడా చెప్పాడు. ఇది దాదాపు అందరూ చెప్పేదే: జాజ్ వేశ్యావాటికలో పుట్టిందని. అంటే స్టోరీవిల్ అనే ప్రాంతం. 1897లో నగరపాలక సంస్థ ఆర్డినెన్స్‌తో ఏర్పడింది, 1917లో నౌకాదళం ఒత్తిడితో మూతపడింది. కథ వినడానికి మసాలాగా ఉంటుంది, జనం నవ్వుతారు, టిప్పు పెరుగుతుంది. కాస్త లెక్క చూడండి మరి. స్టోరీవిల్ మొదలయ్యేసరికే బోల్డెన్ పేరు పైకొస్తోంది. అతను వాయించింది పార్కుల్లో, డాన్స్ హాళ్లలో, ఊరేగింపుల్లో. ఆ ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఒక్క పియానో. జెల్లీ రోల్ మోర్టన్ లాంటివాళ్లు అక్కడ వాయించారు, నిజమే. కానీ బ్యాండ్లకి బ్యాండ్లు తయారైంది చర్చి హాళ్లలో, సంఘాల సభల్లో, శవయాత్రల్లో. వాయించినవాళ్లు పగలంతా వేరే పనులు చేసుకునేవాళ్లు. తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డుల్లో బాంజో వాయించిన జానీ సెయింట్ సిర్ గోడలకి ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ. ఆ సంగతి ఏ టూర్‌లోనూ చెప్పరు. మేస్త్రీ కథకి టిప్పు రాలదు కదా!

తర్వాత ఒక స్నేహితుడి ద్వారా ఇంకో గైడ్ దొరికాడు. పెద్దాయన, ట్రాంబోన్ వాయిస్తాడు, ఒకప్పుడు స్కూల్లో పిల్లలకి సంగీతం నేర్పేవాడట. ఆయన టూర్ మొదలుపెట్టిందే సౌత్ ర్యాంపార్ట్ 400 బ్లాకులో. వెనక హోటళ్లు, ఆఫీసు టవర్లు, చుట్టూ పార్కింగ్ స్థలాలు, మధ్యలో కొన్ని పాత ఇటుక భవనాలు. మావాడు నా చెవిలో, "బావా, దీనికోసమా ఇంత ఎండలో నడిపించావు?" అన్నాడు.

పెద్దాయన మూలనున్న మూడంతస్తుల భవనం చూపించాడు. ఈగిల్ సెలూన్. దగ్గర్లోని తాకట్టు కొట్టు పేరే దానికీ వచ్చింది. పైఅంతస్తు హాల్లో డాన్సులు జరిగేవి, బోల్డెన్ వాయించేవాడు. అతని బ్యాండ్ తర్వాత ఈగిల్ బ్యాండ్ అయింది. అదే వరసలో ఇరొక్వా థియేటర్. కుర్రాడు ఆర్మ్‌స్ట్రాంగ్ మొహాన పిండి పూసుకుని స్టేజీ ఎక్కి టాలెంట్ పోటీలో గెలిచాడని చెప్పేది అక్కడి సంగతే. ఇంకాస్త ముందుకెళ్తే కర్నోఫ్‌స్కీల కుట్టుపని దుకాణం ఉండాల్సిన చోటు. లిథువేనియా నుంచి వచ్చిన ఆ యూదు కుటుంబం చిన్న ఆర్మ్‌స్ట్రాంగ్‌ని తమ బండి మీద పాత సామాన్లకీ బొగ్గుకీ తిప్పింది, తమతో కూర్చోబెట్టి అన్నం పెట్టింది, మొదటి కార్నెట్ కొనుక్కోవడానికి డబ్బు సర్దింది. ఆ కృతజ్ఞతతోనే ఆయన జీవితాంతం మెడలో దావీదు నక్షత్రం వేసుకున్నాడంటారు.

"ఉండాల్సిన చోటు" అని ఎందుకన్నానంటే, అది ఇప్పుడు లేదు. 2002 నుంచి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉన్న భవనం అది. ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. 2021 ఆగస్టు 29న ఐడా తుపాను గాలికి కుప్పకూలింది. తుపాను అనేది ఆఖరి దెబ్బ మాత్రమే. జాబితాలో పేరు రాసి, పైకప్పు సంగతి పట్టించుకోకపోతే ఏ భవనమైనా అంతే. పెద్దాయన అక్కడ ఫోన్‌లో పాత ఫొటో తీసి, చెయ్యి చాపి, కిటికీలు ఎక్కడుండేవో ఆకాశంలో గీసి చూపించాడు. మావాడి మొహం అప్పుడు మారింది.

అక్కడి నుంచి పెర్డిడో వీధి. బోల్డెన్ పేరుతో ముడిపడ్డ ఫంకీ బట్ హాల్ ఈ వీధిలోనే ఉండేది. ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యమంతా ఈ చుట్టుపక్కలే. ఇప్పుడు ఏముందనుకుంటున్నారు? సిటీ హాల్. 1950లలో ఆ పేట మొత్తం చదును చేసి ప్రభుత్వ భవనాలు కట్టారు. ఆయన పుట్టిన జేన్ ఆలీ అనే సందులోని ఇల్లయినా మిగిలిందా అంటే, 1964లో పోలీసు, కోర్టు భవనాల కోసం దాన్నీ కూల్చేశారు. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు, ప్రపంచమంతా తెలిసిన మనిషి. పైగా అప్పట్లో సొంతూళ్లో వాయించడమే మానేశాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే వేదిక మీద కలిసి వాయించకూడదని 1956లో లూసియానా చట్టం చేసింది, ఆయన బ్యాండ్‌లో ఇద్దరూ ఉండేవాళ్లు. 1965 దాకా అక్కడ బాకా ఎత్తలేదు. పోయాక పార్కుకి ఆయన పేరు, 2001లో విమానాశ్రయానికీ ఆయన పేరు. బతికున్నప్పుడు ఇల్లు కూలగొట్టి, పోయాక ఎయిర్‌పోర్టుకి పేరు పెట్టడం మనకీ కొత్త కాదనుకోండి.

ఆ పార్కు కథ ఇంకా చిత్రం. ఆ పార్కు లోపల, ఫ్రెంచ్ క్వార్టర్ అవతలి ట్రెమే పేటలో ఉన్న కాంగో స్క్వేర్ లేకుండా జాజ్ చరిత్ర చెప్పలేం. బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లకి ఆదివారం దొరికిన కాస్త వెసులుబాటులో డప్పులు మోగించి, నాట్యం చేసి, సరుకులు అమ్ముకున్న చోటు అది. బానిసలు కూడుకునేది ఒక్కచోటే ఉండాలని 1817లో నగర పాలకులు హుకుం జారీ చేశారు, ఆ చోటు ఇదైంది. 1893లో దానికి, బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యం సేనాని బోర్‌గార్డ్ పేరు పెట్టారు. జనం కాంగో స్క్వేర్ అనే పిలుచుకున్నారు, కాగితాల మీద ఆ పేరు రావడానికి 2011 దాకా పట్టింది. చుట్టూ ఉన్న పార్కు కోసం 1960లలో ట్రెమే ఇళ్లు వీధులకి వీధులే పడగొట్టారు. లోపలున్న మునిసిపల్ ఆడిటోరియం 2005 కత్రినా తుపాను తర్వాత మూతపడింది. 2021లో సిటీ హాల్‌ని అందులోకి తెస్తామని ప్రతిపాదన వచ్చింది. మళ్లీ సిటీ హాల్! ట్రెమే జనం బ్రాస్ బ్యాండ్లతో రోడ్డెక్కితే గానీ వెనక్కి తగ్గలేదు.

ఇక మనం హాయిగా డ్రైవ్ చేసుకుంటూ వచ్చే ఐ-10. క్లెయిబోర్న్ అవెన్యూ నడుమ పెద్ద పెద్ద ఓక్ చెట్ల వరసలు ఉండేవి. నల్లవాళ్ల దుకాణాలూ, బీమా ఆఫీసులూ, పిల్లల ఆటలూ, మార్డీ గ్రా పండుగ ఊరేగింపులూ అన్నీ ఆ నీడలోనే. 1966లో చెట్లు కొట్టేసి ఫ్లైఓవర్ లేపారు. ఇప్పుడు కింద కాంక్రీటు స్తంభాల మీద చెట్ల బొమ్మలు వేసుకున్నారు. పెద్దాయన దాని కింద నిలబడి, పైన లారీలు పోతుంటే గొంతు పెంచి చెప్పాడు: ఊరేగింపు ఇక్కడికొచ్చాక బ్యాండ్ ఆగి ఇంకా గట్టిగా వాయిస్తుంది, కాంక్రీటు తగిలి శబ్దం రెట్టింపవుతుంది కాబట్టి. తమ వీధిని చంపిన వంతెననే వాళ్లు స్పీకర్‌గా వాడుకుంటున్నారు.

ఆ ఊరేగింపుల సంగతి మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చావుకి డప్పు కొట్టించే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. బీమా కంపెనీలు నల్లవాళ్లని సరిగ్గా చేర్చుకోని రోజుల్లో వీళ్లు సంఘాలు పెట్టుకున్నారు, నెలనెలా చందాలేసుకుని జబ్బుకి మందూ చావుకి బ్యాండూ చూసుకున్నారు. 1884లో పెట్టిన యంగ్ మెన్ ఒలింపియన్ సంఘం ఇప్పటికీ వీధుల్లో నడుస్తోంది. శవం వెంట నెమ్మదిగా, బరువైన పాటతో వెళ్తారు. సాగనంపాక తాళం మారుతుంది, గొడుగులు తెరుచుకుంటాయి, వెనకాల చేరిన జనం చిందులేస్తారు. దాన్నే సెకండ్ లైన్ అంటారు. ఇప్పుడు డబ్బు కడితే పెళ్లిళ్లకీ, కాన్ఫరెన్సులకీ దొరుకుతుంది. అదే ట్రెమేలో 2007లో చనిపోయిన తోటి కళాకారుడి కోసం వాయిస్తున్న వాళ్లని మాత్రం పోలీసులు ఆపి అరెస్టు చేశారు. మావాడు, "మన దగ్గరా డప్పు స్టేజీ ఎక్కితే కళ, వీధిలో మోగితే న్యూసెన్సు కదా బావా" అన్నాడు. అంతకుముందు పార్కింగ్ చూసి మూతి ముడిచినవాడే.

ఒక్క చోటు గురించి చెప్పి తీరాలి, అది జాజ్ లెక్కలోకి రాకపోయినా. నార్త్ ర్యాంపార్ట్ 838. బట్టలుతుక్కునే లాండ్రీ. గుమ్మం దగ్గర నేల మీద పలకల్లో జె అండ్ ఎం అనే అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఒకప్పటి కాసిమో మటాసా రికార్డింగ్ స్టూడియో అది. రాక్ అండ్ రోల్ గాయకుల్లో 1949లో ఫ్యాట్స్ డామినో మొదటి రికార్డు ఇక్కడే, 1955లో లిటిల్ రిచర్డ్ కేకలు పెట్టింది ఇక్కడే. మేం లోపలికెళ్తే డ్రయ్యర్లు గిర్రున తిరుగుతున్నాయి, ఒకావిడ దుప్పటి మడతపెడుతూ మమ్మల్ని చూసి, అలవాటైన మొహంతో పక్కకి జరిగింది. మన మొదటి గైడ్ "ఏమీ లేదు" అని దాటనివ్వని వీధి ఇదే.

సెలవుల్లో సరదాకి వచ్చినవాళ్లకి ఈ కూల్చివేతల కథలెందుకు, మూడ్ పాడవుతుంది అంటారా? మాకేం పాడవలేదు. ఆ రాత్రి ఫ్రెంచ్‌మెన్ వీధిలో బ్యాండ్ విన్నప్పుడు మావాడు ముందురోజు కంటే రెండింతలు ఊగాడు. ఎవరు, ఎక్కడ, ఏ దెబ్బలు తిని వాయించారో తెలిస్తే ఆ గోల పాటగా వినిపిస్తుంది. గైడ్లకి ఈ ఊళ్లో లైసెన్స్ తప్పనిసరి, చరిత్ర పరీక్ష రాసి మరీ వస్తారు. అంటే తెలియక కాదు, ఇందులో లాభం లేదు కాబట్టే చెప్పరు.

ఇంకో మంట కూడా తీర్చుకోనివ్వండి. టూర్‌కి మనిషికి ఇంతని ముందే కార్డు గీకేస్తాం, బోర్బన్ స్ట్రీట్ కాక్‌టెయిల్‌కి మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాం. చాలా క్లబ్బుల్లో బ్యాండ్‌కి వచ్చేదాంట్లో పెద్ద భాగం ముందు తిప్పే బకెట్‌లో పడేదే. అది దగ్గరికి రాగానే మనవాళ్లకి ఫోన్‌లో అర్జెంటు మెసేజ్ వస్తుంది. అలా చేయకండి. క్యాష్ పెట్టుకెళ్లండి, ఇరవై వేయండి.

బుక్ చేసే ముందు ఒక ఈమెయిల్ కొట్టి అడగండి: సౌత్ ర్యాంపార్ట్‌కి తీసుకెళ్తారా, కాంగో స్క్వేర్‌లో ఎంతసేపు ఆగుతారు, క్లెయిబోర్న్ కిందికి వెళ్తారా అని. వేసవిలో అయితే పొద్దున్నే పెట్టుకోండి, నీళ్లు పట్టుకెళ్లండి, ఊరు చదునుగా ఉంటుంది కాబట్టి అమ్మానాన్నలు కూడా మెల్లగా నడవగలరు. మా పెద్దాయన నంబరు ఇక్కడ పెట్టను. ఆయన్ని అడిగి, ఒప్పుకుంటే మెసేజ్ చేసినవాళ్లకి ఇస్తాను.